చల్లదనం చెదరకుండా: మందుల రవాణాకు సరైన పెట్టెను ఎంచుకోవడం ఎలా?

పాడైన పాలు విరిగిపోతాయి. పాడైన చేప వాసన వేస్తుంది. పాడైన టీకా మాత్రం ఏ సంకేతమూ ఇవ్వదు. సీసా అలాగే ఉంటుంది, లోపలి ద్రవం చాలాసార్లు మునుపటిలాగే కనిపిస్తుంది, చీటీపై గడువు తేదీ ఇంకా మిగిలే ఉంటుంది. ఆ మందు వేసిన బిడ్డ పేరు ఆరోగ్య కార్డులో నమోదవుతుంది కానీ, బిడ్డకు అందాల్సిన రక్షణ అందదు. ఇన్సులిన్ విషయంలోనూ, ప్రసవానంతర రక్తస్రావాన్ని ఆపేందుకు ఇచ్చే ఆక్సిటోసిన్ విషయంలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది.

ఉష్ణోగ్రతకు లోబడి ఉండాల్సిన సరుకు రవాణా అనగానే శీతల గిడ్డంగులు, రిఫ్రిజిరేటెడ్ లారీలు గుర్తుకొస్తాయి. వాస్తవానికి సరుకుకు ఎక్కువ ముప్పు వాటిల్లేది ఆ రెంటి మధ్య గడిచే సమయంలోనే. విమానాశ్రయంలో రన్‌వే పక్కన ఎండలో ఎదురుచూసే గంట, కొరియర్ కార్యాలయంలో గడిచే రాత్రి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఉపకేంద్రానికి సాగే ద్విచక్రవాహన ప్రయాణం ఇందుకు ఉదాహరణలు. ఆ సమయాల్లో మందును కాపాడేది విద్యుత్తు కాదు. దానిని ఉంచిన పెట్టె, అందులో పెట్టిన చల్లటి పొట్లాలు మాత్రమే.

భారత సార్వత్రిక టీకాకరణ కార్యక్రమం ఏటా సుమారు 2.67 కోట్ల మంది నవజాత శిశువులను, 2.9 కోట్ల మంది గర్భిణులను లక్ష్యంగా పెట్టుకుంది. దేశవ్యాప్తంగా సుమారు 29 వేల శీతల నిల్వ కేంద్రాల మీదుగా టీకాలు చేరుతుంటాయి. ప్రపంచానికి టీకాలు ఎగుమతి చేసే హైదరాబాద్ వంటి నగరాలకూ, ఆన్‌లైన్‌లో ఇన్సులిన్ తెప్పించుకునే సామాన్య రోగికీ పెట్టె ఎంపిక సమానంగా ముఖ్యమైన అంశం. ఈ ఎంపికను నిర్ణయించే ప్రశ్నలు ఐదు. సరుకుకు ఎంత చల్లదనం కావాలి? ఎన్ని గంటలు కావాలి? దారిలో బయటి ఉష్ణోగ్రత ఎంత ఉంటుంది? సరుకు పరిమాణం ఎంత? పెట్టె తిరిగి వస్తుందా, రాదా?

సరుకును బట్టి చల్లదనం

చల్లగా ఉంచండి అన్న మాటకు ఔషధ రంగంలో ఒకే అర్థం లేదు. సార్వత్రిక కార్యక్రమంలోని టీకాలను చిన్న కేంద్రాల్లోనూ, రవాణాలోనూ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. ఇంకా తెరవని ఇన్సులిన్, ఆక్సిటోసిన్‌లకు కూడా ఇదే శ్రేణి వర్తిస్తుంది. గడ్డకట్టించిన ప్లాస్మాకు సున్నా కంటే ఎంతో తక్కువ ఉష్ణోగ్రత అవసరం. అదే రక్తం నుంచి వేరుచేసిన ప్లేట్‌లెట్లను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచాలి. వాటిని ఐస్ పెట్టెలో పెట్టడమే పొరపాటు.

కొవిడ్ కాలంలో ఈ తేడాలు ప్రజలందరికీ తెలిసివచ్చాయి. 2021 జనవరి 16న దేశంలో టీకాకరణ మొదలైనప్పుడు వాడిన కొవిషీల్డ్, కొవాగ్జిన్ రెండూ 2–8 డిగ్రీల శ్రేణికి చెందినవే. అప్పటికే ఉన్న పెట్టెలు, ఫ్రిజ్‌లతోనే వాటి పంపిణీ సాధ్యమైంది. అదే ఏడాది మే 1న హైదరాబాద్ చేరిన స్పుత్నిక్–వి ద్రవరూప టీకాకు మైనస్ 18 డిగ్రీలు కావలసి వచ్చింది. తొలినాళ్లలో ఫైజర్ టీకాకు మైనస్ 70 డిగ్రీల ప్రాంతం అవసరమైంది. అంటే మూడు రకాల టీకాలకు మూడు రకాల పెట్టెలు కావాలి.

ఆహార పదార్థాల్లోనూ ఇంతే. కోస్తా ఆంధ్ర చెరువుల నుంచి కోల్‌కతా, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లే చేపలను నేరుగా మంచు పొరల మధ్య పేరుస్తారు. చేపకు సున్నా డిగ్రీలే మేలు. కరిగిన నీరు కూడా దానిని తడిపి చల్లబరుస్తుంది. అరటి, మామిడి పండ్లను అంత చల్లదనంలో పెడితే తొక్క నల్లబడి, సరిగా పండకుండా పోతాయి; సాధారణంగా 13 డిగ్రీల ప్రాంతమే వాటికి సురక్షితం. పైగా పండ్లు శ్వాసిస్తాయి, తమంతట తామే వేడిని పుట్టిస్తాయి. గాలి చొరని పెట్టెలో వాటిని బిగిస్తే చల్లదనం కోసం చేసిన ఏర్పాటే వాటిని చెడగొడుతుంది. కాబట్టి ఎంపికకు మొదటి మెట్టు పెట్టె కాదు. ఉత్పత్తిదారు చీటీపై ముద్రించిన ఉష్ణోగ్రత శ్రేణి.

వేడి కంటే ఎక్కువగా ఏమరుపాటుకు గురయ్యే ప్రమాదం

ఎండలు మండే దేశంలో వేడి గురించిన భయం సహజం. అందుకే ఎంత ఎక్కువ మంచు పెడితే అంత మంచిదన్న నమ్మకం స్థిరపడింది. టీకాల విషయంలో ఈ నమ్మకం ప్రమాదకరం.

పోలియో చుక్కల మందు వేడికి త్వరగా దెబ్బతింటుంది. గడ్డకట్టినా దానికి నష్టం లేదు. హెపటైటిస్–బి, పెంటావలెంట్, డీపీటీ, ధనుర్వాతం–డిఫ్తీరియా టీకాలు ఇందుకు భిన్నం. వీటిలో మందు కణాలు అల్యూమినియం లవణానికి అంటిపెట్టుకుని ఉంటాయి. ద్రవం గడ్డకడితే ఆ కలయిక చెదిరి, కణాలు గుంపులుగా ముద్దకడతాయి. ఆ తర్వాత మంచు కరిగినా టీకా పూర్వస్థితికి రాదు. హెపటైటిస్–బి టీకా సుమారు మైనస్ 0.5 డిగ్రీల వద్దే గడ్డకట్టగలదు. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐస్ ప్యాక్ ఉష్ణోగ్రత మైనస్ 15 నుంచి మైనస్ 25 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. వివిధ దేశాల అధ్యయనాలను పరిశీలించి 2007లో వ్యాక్సిన్ అనే అంతర్జాతీయ పత్రికలో ప్రచురించిన సమీక్ష ప్రకారం, పరిశీలించిన ఫ్రిజ్‌లు, రవాణా సరుకుల్లో 14 నుంచి 35 శాతం వరకు టీకాలు గడ్డకట్టే ఉష్ణోగ్రతకు గురయ్యాయి. వేడి నుంచి కాపాడే ప్రయత్నంలోనే ఎక్కువగా ఈ నష్టం జరుగుతోంది.

నివారణ ఖరీదైనదేమీ కాదు. ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాక్‌లను వెంటనే పెట్టెలో పెట్టకుండా కొంతసేపు బయట ఉంచాలి. పైన నీటి బిందువులు పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీరు కదిలిన చప్పుడు వినిపించాలి. లోపల మంచు, నీరు కలిసి ఉన్నాయంటే ప్యాక్ సున్నా డిగ్రీలకు చేరినట్లే. దీనినే ఐస్ ప్యాక్‌ను కండిషన్ చేయడం అంటారు. గది ఉష్ణోగ్రతను బట్టి ఇందుకు పట్టే సమయం మారుతుంది. గడియారం కంటే ఆ చప్పుడే నమ్మదగిన గుర్తు. టీకా శిబిరం ఉదయం పెట్టె సర్దే సిబ్బందికి తొందర సహజమే. ఆ కొద్ది నిమిషాల తొందరే ఒక్కోసారి పెట్టెలోని సీసాలన్నిటినీ నిష్ఫలం చేస్తుంది.

గోడలో దాగిన లెక్క

పెట్టె చల్లదనాన్ని పుట్టించదు. బయటి వేడి లోపలికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. ఆ ఆలస్యం ఎంతన్నది గోడ పదార్థం, గోడ మందం, పెట్టె ఉపరితల వైశాల్యం, లోపలి–బయటి ఉష్ణోగ్రతల తేడా అనే నాలుగు అంశాలపై ఆధారపడుతుంది.

రవాణా పెట్టెల గోడలకు ప్రధానంగా మూడు పదార్థాలు వాడుతున్నారు. మొదటిది అందరికీ తెలిసిన థర్మకోల్. అది తేలికైనది, చౌకైనది. రెండోది పాలీయురిథేన్ ఫోమ్. ఆరోగ్య కార్యకర్తలు భుజాన వేసుకునే టీకా క్యారియర్ల గోడల్లో సాధారణంగా ఉండేది ఇదే. ఒకే మందంలో ఇది థర్మకోల్ కంటే మెరుగ్గా వేడిని అడ్డుకుంటుంది. మూడోది నిర్వాత పలక, అంటే వాక్యూమ్ ప్యానెల్. సూక్ష్మరంధ్రాలున్న పదార్థాన్ని గాలి చొరని పొరలో ఉంచి, లోపలి గాలిని తీసేసి మూసివేస్తారు. వేడి ప్రసరించేందుకు గాలి కూడా లేకపోవడంతో ఇది థర్మకోల్ కంటే అనేక రెట్లు సమర్థంగా పనిచేస్తుంది. కానీ ఖరీదు ఎక్కువ. పొరకు చిన్న రంధ్రం పడితే ఆ గుణం చాలావరకు పోతుంది.

ఈ తేడాను ఒక సాధారణ లెక్క స్పష్టం చేస్తుంది. లోపల పొడవు, వెడల్పు, ఎత్తు 30 సెంటీమీటర్ల చొప్పున, గోడ మందం 5 సెంటీమీటర్లు ఉన్న థర్మకోల్ పెట్టెను తీసుకుందాం. బయట 40 డిగ్రీలు, లోపల 5 డిగ్రీలు ఉంటే గోడల గుండా గంటకు సుమారు 65 కిలోజౌళ్ల వేడి లోపలికి చేరుతుంది. సున్నా డిగ్రీల వద్ద ఉన్న కిలో మంచు పూర్తిగా కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. అంటే సుమారు ఐదు గంటలకు ఒక కిలో చొప్పున మంచు కరిగిపోతుంది. ఒక రోజు ప్రయాణానికి నాలుగున్నర కిలోలకు పైగా, రెండు రోజులకు తొమ్మిది కిలోలకు పైగా మంచు కావాలి. పెట్టె లోపలి చోటులో మూడో వంతుకు పైగా మంచుకే పోతుంది.

అదే మందంలో పాలీయురిథేన్ గోడ ఉంటే ఒక రోజుకు దాదాపు మూడు కిలోలు చాలు. అందులో సగం మందమున్న నిర్వాత పలకలైతే కిలోన్నర లోపే సరిపోతుంది. మూత సందులు, పలకల అంచులు, దారిలో మూత తెరవడం ఈ లెక్కలో లేవు కాబట్టి వాస్తవంలో మరికొంత కలుపుకోవాలి. అయినా సారాంశం మారదు. గోడకు ఎక్కువ ఖర్చు పెడితే మంచు బరువు తగ్గుతుంది. బరువును బట్టి ఛార్జీ వసూలు చేసే విమాన రవాణాలో చౌక పెట్టె ఒక్కోసారి ఖరీదైనదవుతుంది. ఊరిలోనే నాలుగు గంటల్లో చేరే సరుకుకు నిర్వాత పలకల పెట్టె వాడటం కూడా అంతే అనవసరం.

మరో అంశాన్ని వ్యాపారులు తరచూ విస్మరిస్తారు. ఘనాకారపు పెట్టె భుజం కొలతను రెట్టింపు చేస్తే ఉపరితలం నాలుగు రెట్లు పెరుగుతుంది, లోపలి చోటు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. అంటే సరుకు పెరిగినంతగా వేడి చొరబడే మార్గం పెరగదు. అందుకే పెద్ద పెట్టె ఎక్కువసేపు చల్లగా ఉంటుంది. ఒక్క రోగికి పంపే రెండు ఇన్సులిన్ సీసాల చిన్న పొట్లం అన్నిటికంటే త్వరగా వేడెక్కుతుంది. ఇంటింటికీ మందుల సరఫరాలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మంచు, జెల్, డ్రై ఐస్: ఏది ఎప్పుడు?

చల్లబరిచే పదార్థాన్ని ఎన్నుకోవడంలో కీలకం దాని కరిగే ఉష్ణోగ్రత. ఘనపదార్థం కరుగుతున్నంతసేపూ దాని ఉష్ణోగ్రత మారదు; వచ్చిన వేడంతా కరగడానికే ఖర్చవుతుంది. పాఠశాల పుస్తకాల్లో గుప్తోష్ణంగా చదువుకునే ఈ ధర్మంపైనే రవాణా పెట్టెలన్నీ ఆధారపడ్డాయి.

నీటి మంచు చౌక, సురక్షితం, వేడిని పీల్చుకునే శక్తిలో మేటి. అది సున్నా వద్ద కరుగుతుంది కాబట్టి గడ్డకడితే చెడే మందులకు, దానికి మధ్య అట్ట లేదా ఫోమ్ వంటి అడ్డు ఉండాలి. మార్కెట్లో దొరికే జెల్ ప్యాక్‌లు ప్రత్యేకమైనవన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. వాటిలో అధిక భాగం నీరే. చిక్కబరిచే పదార్థం కలపడం వల్ల చిరిగినా కారిపోవు. సాధారణ జెల్ కూడా సున్నా ప్రాంతంలోనే కరుగుతుంది. కాబట్టి మంచుతో ఉన్న ప్రమాదం జెల్‌తోనూ ఉంటుంది.

2–8 డిగ్రీల శ్రేణి మధ్యలో, అంటే 5 డిగ్రీల ప్రాంతంలో కరిగేలా తయారుచేసిన పదార్థాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. వీటిని దశ మార్పు పదార్థాలు అంటారు. కొన్ని మైనపు జాతి హైడ్రోకార్బన్లు ఈ కోవలోకి వస్తాయి. వీటికి రెండు లాభాలున్నాయి. బయట ఎండగా ఉంటే కరుగుతూ వేడిని పీల్చుకుంటాయి. చలిగా ఉంటే గడ్డకడుతూ వేడిని విడుదల చేస్తాయి. రెండు వైపులా మందుకు కాపలా ఉన్నట్లే. వేడిని పీల్చుకునే శక్తి మంచు కంటే తక్కువ, ధర ఎక్కువ కావడం వీటి లోపాలు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. వీటిని మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా పెట్టెలో పెడితే, ఐదు డిగ్రీల పదార్థమని పేరున్నా మొదట్లో అవి మైనస్ 20 డిగ్రీల ఇటుకలే. తమ కరిగే ఉష్ణోగ్రతకు చేరేవరకు వీటినీ బయట ఉంచాల్సిందే.

మైనస్ 20 ప్రాంతం అవసరమైన సరుకుకు ఉప్పునీటి ప్యాక్‌లు ఉపకరిస్తాయి. తగిన పాళ్లలో ఉప్పు కలిపిన నీరు సుమారు మైనస్ 21 డిగ్రీల వద్ద కరుగుతుంది. అంతకంటే చల్లదనం కావాలంటే డ్రై ఐస్ తప్పనిసరి. ఇది గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీల వద్ద ద్రవంగా మారకుండానే నేరుగా వాయువవుతుంది. తడి ఉండదు, శక్తి ఎక్కువ. కానీ కిలో డ్రై ఐస్ 500 లీటర్లకు పైగా వాయువుగా మారుతుంది. గాలి పోయే మార్గం లేకుండా పెట్టెను బిగిస్తే ఒత్తిడికి పగిలిపోతుంది. మూసిన వాహనంలో పక్కన కూర్చుని ప్రయాణిస్తే ఊపిరాడని పరిస్థితి తలెత్తవచ్చు. చేతితో తాకితే చర్మం దెబ్బతింటుంది. అందుకే విమాన రవాణాలో దీనిని యూఎన్ 1845 సంఖ్యతో ప్రమాదకర సరుకుల తొమ్మిదో వర్గంలో చేర్చారు. పెట్టెపై ఆ గుర్తుతో పాటు లోపల ఎన్ని కిలోలు ఉందో రాయడం తప్పనిసరి. 2–8 డిగ్రీల మందులకు డ్రై ఐస్ వాడటం మేలు కాదు, నష్టమే.

పశువుల కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం, కొన్ని కణ చికిత్సల సామగ్రి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ చల్లదనంలో ప్రయాణిస్తాయి. వాటికి పెట్టెలు పనికిరావు. ప్రత్యేక లోహపు పాత్రలే కావాలి.

దారిని బట్టి పెట్టె

ఇరవై నాలుగు గంటలు పనిచేస్తుందని పెట్టెపై రాసి ఉంటే తదుపరి ప్రశ్న వెంటనే అడగాలి: ఎంత ఎండలో? బయట 25 డిగ్రీలుంటే రోజంతా నిలిచే చల్లదనం, 45 డిగ్రీల్లో సుమారు సగం సేపు మాత్రమే నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సందిగ్ధానికి తావివ్వకుండా టీకా పెట్టెలను 43 డిగ్రీల వేడిలో పరీక్షించాలని నిర్దేశించింది. ఆ వేడిలో స్వల్ప దూరపు క్యారియర్ కనీసం 15 గంటలు, దీర్ఘ దూరపు క్యారియర్ 30 గంటలు చల్లదనాన్ని నిలపాలి. పెద్ద కోల్డ్ బాక్సులకు ఈ పరిమితి 48, 96 గంటలు. వాణిజ్య రవాణాకు వేసవి, శీతాకాల ఉష్ణోగ్రతలను గంటగంటకూ అనుకరించే ఇస్టా 7ఈ వంటి పరీక్షా ప్రమాణాలు ఉన్నాయి. విక్రేత ఏ ప్రమాణం ప్రకారం, ఎంత సరుకుతో పరీక్షించారో అడిగి నివేదిక తీసుకోవడం కొనుగోలుదారు హక్కు.

ప్రయాణ కాలాన్ని లెక్కించేటప్పుడు కాగితంపై ఉన్న గంటలనే నమ్మడం పొరపాటు. శనివారం సాయంత్రం చేరిన పొట్లం సోమవారం వరకు కదలకపోవచ్చు. పొగమంచుకు విమానం ఆలస్యం కావచ్చు, వరదకు రహదారి తెగిపోవచ్చు. కాబట్టి మామూలు ప్రయాణ కాలానికి తగిన అదనపు గంటలు కలిపి పెట్టెను ఎంచుకోవాలి. వారాంతాలకు ముందు సరుకు పంపకపోవడం ఖర్చు లేని జాగ్రత్త.

కాలాన్ని బట్టి పెట్టె సర్దే పద్ధతీ మారాలి. మే నెలలో రామగుండం వెళ్లే సరుకుకు వేడి శత్రువు. జనవరిలో లేహ్ వెళ్లే సరుకుకు చలి శత్రువు. బయట మైనస్ 15 డిగ్రీలుంటే గోడల గుండా వేడి లోపలి నుంచి బయటకు పోతుంది, మందు గడ్డకడుతుంది. అక్కడ ఐస్ ప్యాక్‌లకు బదులు గడ్డకట్టని చల్లని నీటి ప్యాక్‌లు పెడతారు. ఆ నీరు తన వేడిని విడుదల చేస్తూ సరుకును కాపాడుతుంది. వేసవిలో విజయవంతమైన పెట్టె శీతాకాలంలోనూ అంతే నమ్మకంగా పనిచేస్తుందని భావించడానికి వీల్లేదు.

విమానాశ్రయాల్లో పరిస్థితి మరింత సున్నితం. గిడ్డంగి చల్లగా ఉంటుంది, విమానం లోపల చల్లగా ఉంటుంది. ఆ రెంటి మధ్య కాంక్రీటు నేలపై సరుకు ఎండలో నిలుస్తుంది. అందుకే హైదరాబాద్ వంటి విమానాశ్రయాల్లో ఔషధాలకు ప్రత్యేక విభాగాలు ఏర్పాటయ్యాయి. ఉష్ణోగ్రత పరిమితులున్న ఆరోగ్య సామగ్రి పెట్టెలపై ఆ శ్రేణిని తెలిపే ప్రత్యేక చీటీ అతికించడాన్ని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 2012 జులై 1 నుంచి తప్పనిసరి చేసింది.

సర్దడంలోనే సగం విజయం

మంచి పెట్టెను తప్పుగా సర్దితే ఫలితం ఉండదు. ఎండలో పెట్టి ఉంచిన ఖాళీ పెట్టె గోడలు వేడిని దాచుకుంటాయి. మందు పెట్టగానే అందులోని మంచు ముందు ఆ గోడలను చల్లబరచడానికే ఖర్చవుతుంది. అందుకే పెట్టెను ముందుగా చల్లని గదిలో ఉంచడం మంచిది. మందును కూడా ముందే నిర్దేశిత ఉష్ణోగ్రతకు తేవాలి. వెచ్చని మందును చల్లబరచడం రవాణా పెట్టె పని కాదు. చల్లని మందును అలాగే నిలపడమే దాని పని.

ఐస్ ప్యాక్‌లను ఒక్క వైపే పెడితే రెండో వైపు వేడెక్కుతుంది. నాలుగు వైపులా, పెద్ద పెట్టెలోనైతే అడుగున, పైన కూడా ఉండాలి. సరుకు తక్కువగా ఉండి మధ్యలో ఖాళీ మిగిలితే గాలి అటూ ఇటూ కదిలి వేడిని మోస్తుంది. ఆ ఖాళీని కాగితంతోనో, చల్లని నీటి ప్యాక్‌లతోనో నింపాలి. నిండు పెట్టెతో పరీక్షించిన ఫలితం సగం నిండిన పెట్టెకు వర్తించదు. మూత గట్టిగా బిగిసిందో లేదో చూడటం చిన్న పనే. వదులైన మూత ఎంత మంచి గోడనైనా ఓడిస్తుంది.

చేరిందన్న నమ్మకం ఎలా?

గమ్యం చేరిన మందు సురక్షితమేనని తెలుసుకోవడానికి మూడు రకాల సాధనాలున్నాయి. మొదటిది టీకా సీసాపై ఉండే వీవీఎం గుర్తు. 1996లో పోలియో చుక్కల మందుతో ఇది వాడుకలోకి వచ్చింది. వృత్తం మధ్యలో ఉన్న చిన్న చతురస్రం వేడి తగిలేకొద్దీ ముదురు రంగులోకి మారుతుంది. చతురస్రం రంగు చుట్టూ ఉన్న వృత్తం రంగుతో సమానమైనా, అంతకంటే ముదిరినా ఆ సీసాను వాడకూడదు. ఇది వేడి చరిత్రనే చెబుతుంది. గడ్డకట్టిందా అన్నది చెప్పదు.

రెండోది గడ్డకట్టే ఉష్ణోగ్రత తాకితే మారిపోయే సూచిక. మూడోది డేటా లాగర్. చిన్న పరిమాణంలో ఉండే ఈ పరికరం ప్రయాణమంతటా ఉష్ణోగ్రతను నిర్ణీత వ్యవధిలో నమోదు చేస్తుంది. దీనిని గోడకు ఆనించకుండా, మందు మధ్యలో ఉంచితేనే సరైన లెక్క వస్తుంది. నిల్వ కేంద్రాల స్థాయిలో 2015 నుంచి అమలవుతున్న ఈవిన్ వ్యవస్థ టీకా నిల్వలతో పాటు ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రతలనూ మొబైల్ ద్వారా గమనించే వీలు కల్పించింది.

గడ్డకట్టిందన్న అనుమానం ఉన్న అల్యూమినియం టీకాలకు కుదుపు పరీక్ష ఉంది. అదే బ్యాచ్‌కు చెందిన ఒక సీసాను కావాలని గడ్డకట్టించి, కరిగాక అనుమానపు సీసాతో కలిపి ఊపి, రెంటినీ పక్కపక్కన నిలబెడతారు. అనుమానపు సీసాలోని మడ్డి కూడా గడ్డకట్టించిన దానితో సమానంగా వేగంగా అడుగుకు చేరితే అది పాడైనట్లే. సీసా అప్పటికే గట్టిగా గడ్డకట్టి కనిపిస్తే ఏ పరీక్షా అక్కర్లేదు, పక్కన పడేయడమే.

వాడిన పెట్టె ఎక్కడికి?

థర్మకోల్ పెట్టె చవక. దాని అసలు ఖరీదు చెత్తకుప్పలో తెలుస్తుంది. బరువు లేకుండా ఎక్కువ చోటు ఆక్రమించడంతో దానిని సేకరించి పునర్వినియోగ కేంద్రానికి చేర్చడం గిట్టుబాటు కాదు. 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏకవాడక ప్లాస్టిక్ నిషేధ జాబితాలో అలంకరణకు వాడే థర్మకోల్ ఉంది కానీ, రవాణా పెట్టెలు లేవు. పదేపదే వాడదగిన పెట్టెలు పర్యావరణానికి మేలు. అవి తిరిగి వచ్చే ఏర్పాటు ఉంటేనే ఆ మేలు దక్కుతుంది. ఒకే సంస్థ గిడ్డంగి నుంచి ఆసుపత్రులకు రోజూ వెళ్లే వాహనం ఖాళీ పెట్టెలను వెనక్కి తేగలదు. అలాంటి మార్గాల్లో ఖరీదైన నిర్వాత పలకల పెట్టె కూడా కొన్నాళ్లకు గిట్టుబాటు అవుతుంది. ఎక్కడో మారుమూల ఇంటికి ఒక్కసారి వెళ్లే పొట్లానికి మాత్రం తిరుగు ప్రయాణం ఉండదు. అక్కడ కాగితపు గుజ్జు, పత్తి వ్యర్థాలతో తయారైన వేడి నిరోధక పొరలు ప్రత్యామ్నాయంగా వస్తున్నాయి. వీటిని కూడా గంటలు, ఉష్ణోగ్రతలతో కూడిన పరీక్షా నివేదిక చూశాకే ఎంచుకోవాలి.

చివరి అంగుళం

ఈ గొలుసులో ఆఖరి కొస రోగి చేతిలోనే ఉంటుంది. మందుల దుకాణం నుంచి ఇన్సులిన్‌ను మంచుగడ్డతో పాటు ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి ఇంటికి తీసుకెళ్లడం తరచూ కనిపించే దృశ్యం. మంచుకు ఆనిన ఇన్సులిన్ గడ్డకడితే దానిని వాడకూడదు; కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి, మందు డబ్బాకు తగలకుండా మధ్యలో అడ్డు పెట్టి తెచ్చుకోవాలి. ఇంట్లోనూ ఫ్రిజ్ ఫ్రీజర్ గదికి దగ్గరగా, వెనుక గోడకు ఆనించి పెట్టకూడదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పొట్లం చేరినప్పుడు లోపలి ప్యాక్ పూర్తిగా వేడెక్కి ఉందా, మందు గడ్డకట్టి ఉందా అన్నది చూసి, అనుమానం ఉంటే వాడకముందే ఫార్మసిస్టును అడగాలి. ఎండలో నిలిపిన కారులో, బైకు డిక్కీలో మందును వదిలి పనులు చక్కబెట్టుకోవడం మానుకోవాలి.

కర్మాగారం నుంచి వేల కిలోమీటర్లు జాగ్రత్తగా వచ్చిన మందు చివరి కిలోమీటరులో చెడిపోతే, ముందు పెట్టిన ఖర్చంతా వృథాయే. పెట్టె ఎంపిక కొనుగోలు విభాగం ధరల పట్టికలో ఒక వరుసగా కనిపించవచ్చు. ఆ పెట్టె మోసేది మాత్రం ఒక బిడ్డకు దక్కాల్సిన రక్షణను, ఒక బాలింత ప్రాణాన్ని, ఒక మధుమేహ రోగి రేపటి మోతాదును. ఎంత చల్లదనం, ఎన్ని గంటలు, ఏ దారి అన్న ప్రశ్నలకు ముందే జవాబు తెలుసుకుని పంపిన సరుకే మందుగా చేరుతుంది.